గుర్తు లేని చొక్కా

మిల్లు కూత కూయగానే చొక్కాలు ఇళ్లకు వస్తాయి. మనుషులు మిల్లులోనే ఉండిపోతారు.

మధ్యాహ్నం రెండింటి కూతకు గేటు తెరుచుకుంటుంది. ఖాకీ చొక్కాలు, వాటి కింద ఖాకీ నిక్కర్లు, బారులు తీరి వంతెన దాటుతాయి. ఊరి మొదట్లో విడిపోయి, ఏ వీధికి వెళ్లాల్సింది ఆ వీధికి తిరుగుతుంది. ఏ చొక్కా ఏ ఇంటికి వెళ్లాలో వాటికి చెప్పేది నేను. నా పేరు ఎర్నమ్మ. ఈ ఊరి బట్టలు ఉతికే ఇల్లు మాది.

మనిషి ఇంటికి వెళ్లి రావడంలో బోలెడంత సత్తువ వృథా అవుతోందని మిల్లువాళ్లు తేల్చారు. దారి నడవడానికి కొంత, పెళ్లాం మీద విసుక్కోవడానికి కొంత, పిల్లల్ని భుజానికెత్తుకోవడానికి కొంత. అందుకని మనిషిని గోనె మగ్గం దగ్గరే ఉంచేసి చొక్కాను పంపుతున్నారు. మొదటి వారం ఆడవాళ్లు గగ్గోలు పెట్టారు. రెండో వారం పీటలు వాల్చారు.

చొక్కా వచ్చి పీట మీద కూర్చుంటుంది. కంచం పెడితే తినదు, వద్దనీ అనదు. వడ్డించాల్సినంతా వడ్డించి, కాసేపు ఆగి, ఆ అన్నం కోళ్లకు వేస్తారు. మా ఊరి కోళ్లు ఇప్పుడు గోడ ఎక్కలేవు. పిల్లలు నిద్రపోయే వేళకు చొక్కా తన ఖాళీ చేతిని వాళ్ల తల మీద పెడుతుంది. పిల్లలకు అది అలవాటైపోయింది. తెల్లవారి ఆరింటి కూతకు లేచి, ఇస్త్రీ చెడకుండా వెళ్లిపోతుంది.

చొక్కాలకు చదువు రాదు. వీధి పేరు చెబితే తెలియదు, ఇంటి పేరు చెబితే తెలియదు. వాటికి తెలిసింది చాకలి గుర్తు ఒక్కటే. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసంతో మెడపట్టీ లోపలివైపు గుర్తు వేస్తాను. తవుడమ్మగారింటికి రెండు చుక్కలు, ఒక గీత. కరణంగారింటికి కొడవలి. బడిపంతులుగారింటికి మూడు కాళ్ల పీట. ఊళ్లో నూట పన్నెండు ఇళ్లకు నూట పన్నెండు గుర్తులు. ఉతికితే పోవు, ఉడకబెట్టినా పోవు. నా చూపుడు వేలి కొస ఆ రసానికి బొబ్బలెక్కి, మాని, నల్లగా గట్టిపడిపోయింది. పెళ్లిచూపుల నాడు అది చూసే మా అత్త నన్ను ఖాయం చేసింది.

మిల్లులో అందరికంటే ముందు చేరింది మా నది. ఆరింటి కూతకు మిల్లు గోడ కిందికి వెళ్లిపోతుంది. రెండింటికి డ్యూటీ దిగి అరగంటసేపు రేవులోకి వస్తుంది. గోధుమరంగుకు తిరిగి, జనపనార వాసన కొడుతూ, ఇసుక మీద వెల్లకిలా పడుకుంటుంది. ఊరి మైల అంతా ఆ అరగంటలో వదిలించుకోవాలి. నది బాగా అలిసిపోయి ఉంటుంది కాబట్టి గట్టిగా బాదడానికి మనసొప్పదు.

బాదడం మా ఆయన పని. ఆయన పేరు అసిరయ్య. పద్దెనిమిదేళ్లుగా ఆయన ఉతుకుతాడు, నేను గుర్తులు చూసి ఇంటింటికీ చేరుస్తాను. నది మిల్లులో చేరాక ఆయన బండ మీద కూర్చుని ఎండలో తన నీడను చూసుకునేవాడు. ఒకరోజు నీడలో సగమే ఉందన్నాడు. మిగతా సగం గేటు దగ్గర వరసలో నిలబడి ఉందని ఎవరో చెప్పారట. ఇక చేసేదేముంది, మర్నాడు తనూ వెళ్లి వరసలో నిలబడ్డాడు. కొత్త ఖాకీ చొక్కాతో తిరిగి వచ్చాడు.

సోమవారం పొద్దున ఆ చొక్కా నా ముందు పెట్టాడు. అప్పుడు నా చేతిలో గింజ ఉంది, సూది ఉంది, గింజ నిండా రసం ఉంది.

"దీనికి గుర్తెయ్యవేటే?" అన్నాడు.

"మన గుడ్డకి గుర్తెందుకు మావా? అందరివీ ఏరీసినాక మిగిల్దే మనది కదా," అన్నాను.

నవ్వాడు. నేను కొత్తగా చెప్పిన మాట కాదది. మా అమ్మ అలాగే అనేది, మా అత్త అలాగే అనేది. ఊరందరి గుడ్డలకూ గుర్తులు పెట్టే ఇంట్లో సొంత గుడ్డకు గుర్తు పెట్టరు. పెడితే, మన గుడ్డ మనకే తెలియదన్నట్టు. నాలుగు వీధుల్లో నలుగురు నవ్వుతారు. పైగా మా బట్టలు ఎప్పుడూ చివర్న, అందరివీ అయ్యాక, మిగిలిన నీళ్లలో, మిగిలిన సబ్బుతో ముంచి తీసేవే. వాటి వంక చూసేంత తీరిక ఎవరికుంది. ఆయన ఆ చొక్కా తొడుక్కుని వెళ్లిపోయాడు.

రెండింటికి చొక్కాలు వచ్చాయి. ఆయన చొక్కా రాలేదు.

మంగళవారం రాలేదు. బుధవారం నేను వంతెన మీద నిలబడి ఒక్కొక్క మెడపట్టీ తిప్పి చూశాను. కొడవలి, పీట, చేప, నిచ్చెన, అన్నీ నా గుర్తులే. కరణంగారి చొక్కా అయితే తన మెడ చూడనివ్వడానికి మొహమాటపడింది. గురువారం అన్నం వండి, పీట వాల్చి, ఎదురుగా నేనే కూర్చున్నాను. ఆ రోజు నాకు మొదటిసారి భయం వేసింది.

శుక్రవారం తవుడమ్మగారింటికి వెళ్తాను. ఆవిడ రైతు ఇంటి మనిషి, మాటలో దాపరికం ఎరగదు. చావడిలో మూడు పీటల మీద మూడు చొక్కాలు కూర్చుని ఉన్నాయి. అందులో నా పాపం ఉంది. ఇల్లూ వాకిలీ లేని ఇద్దరు కూలీల చొక్కాలు మిల్లు గోడ బయట ఎండలో పడి ఉంటున్నాయనీ, వాటికి తన ఇంటి గుర్తే వేయమనీ ఆవిడ పోయిన నెల బతిమాలింది. చొక్కా ఏ ఇల్లు చేరితే జీతం ఆ ఇల్లు చేరుతుంది మరి. పోయేదేముందని వేశాను. ఇప్పుడు ఆవిడ ఇంటి మీద రేకులు మెరుస్తున్నాయి.

ఇందులో మీ ఆయనది ఏదమ్మా, అని అడుగుతాను.

"ఇయ్యాల మద్దినున్నోడు అనుకుంతన్నాను," అంటుంది తవుడమ్మ. "నిన్న కుడిపక్కోడు అనుకున్నాను."

తెలియకపోతే బాధగా ఉండదా అని అడుగుతాను. ఆవిడ నిజంగానే ఆలోచించి చూస్తుంది.

"ఒచ్చినోడు కూకుంతన్నాడు. లెగిసి ఎల్లిపోతన్నాడు. తాగడు, తన్నడు. ఏటమ్మా నాకు లోటు?"

ఆవిడ మాటలో అబద్ధం లేకపోవడమే నన్ను కొట్టింది. అప్పుడు ఆవిడ అసిరయ్య చొక్కాకు ఏం గుర్తు వేశావని అడుగుతుంది. మన గుడ్డకు గుర్తెందుకని వేయలేదని చెబుతాను. చెబుతూ ఉండగానే నాకు అర్థమవుతుంది. తవుడమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోతుంది.

"ఊరందరి మొగోళ్లకీ దారెట్టినావు," అంటుంది. "నీ మొగుడికి ఎట్టనేదేటే?"

ఆ చావడిలోనే కూలబడతాను. మూడు చొక్కాలూ లేచి నాకు చోటిస్తాయి.

శనివారం ఒక నల్లజీడి గింజ, సూది కొంగున కట్టుకుని మిల్లు టైమాఫీసుకు వెళ్తాను. అక్కడ గుమస్తా జోగారావుగారు. గోడ మీద పెద్ద గడియారం పలక ఉంది, ముళ్లు లేవు. ఆయనే పలకకు వీపు ఆనించి నిలబడి, చేతులు చాపి వేళ చూపిస్తున్నారు. మాట్లాడుతూనే నిమిషానికోసారి ఎడమచేతిని కొంచెం జరుపుతారు. నేను వెళ్లేసరికి ఆయన రెండు చేతులూ నెత్తి మీద కలిసి ఉన్నాయి. దండం పెడుతున్నారేమోనని కంగారుపడి నేనూ పెట్టాను. పన్నెండయింది, అంతే.

మా ఆయన చొక్కా ఇల్లు చేరలేదని చెబుతాను. ఆయనకు తెలుసు.

"చొక్కా ఇల్లు చేరితేనే డ్యూటీ దిగినట్టమ్మా. నీ మొగుడి చొక్కా గేటు దాకా వచ్చి, ఎటెళ్లాలో తెలీక నిలబడిపోయింది. అంచేత సోమవారం పొద్దున్న ఎక్కిన డ్యూటీ ఇంకా నడుస్తూనే ఉంది."

"ఆరు రోజులా బాబూ?"

"ఆరు రోజులు నీకు. వాడికి ఒకటే."

జోగారావుగారు చెడ్డమనిషి కాదు. మెల్లగా, పసిపిల్లకు చెప్పినట్టు, నియమం వివరిస్తారు. రెండింటి కూతతో ఈ వారం మూసేస్తారు. అప్పటికి డ్యూటీ దిగని వాళ్ల పేర్లు మనుషుల పుస్తకంలో కొట్టేసి యంత్రాల పుస్తకంలో రాస్తారు. ఆ తరువాత వాళ్లకు ఆకలి ఉండదు, నొప్పి ఉండదు, నూనె పోస్తే చాలు. ఇంటికెప్పుడు వస్తారని అడిగితే, యంత్రాలు ఇంటికెళ్లడం ఎక్కడైనా చూశావా అని ఆయన తిరిగి అడుగుతారు. నేను చూడలేదు.

ఇప్పుడు గుర్తు వేయవచ్చా అని అడుగుతాను. వేయవచ్చట. చొక్కాకు వేసే గడువు దాటిందట, ఇక లోపలున్న మనిషి మెడ మీదే వేయాలట.

"ఒక గింజ, ఒక గుర్తు. ఎవడి మీద వేస్తే వాడు నీవాడు. తరవాత నేను కాదు గదా, దేవుడు దిగొచ్చినా మార్చలేడు."

ఎడమచేతిని ఇంకొంచెం దించి, గుర్తు లేనివాళ్లంతా వెనక గదిలో ఉంటారని గడ్డంతో దారి చూపిస్తారు.

మిల్లు లోపల మంచులాగా జనపనార ధూళి కురుస్తోంది. నేల మీద మోకాలి లోతు పేరుకుని ఉంది. మగ్గాల మోతకు మాటలు పుట్టగానే చచ్చి కింద పడుతున్నాయి. అవి కాళ్లకు గుచ్చుకోకుండా చూసుకుంటూ నడవాలి. మనుషులు చొక్కాలు విప్పి కొక్కేలకు తగిలించి, వరసగా నిలబడి ఉన్నారు. నేను చొక్కాలకు వేసిన గుర్తులు గుడ్డలోంచి దిగి వాళ్ల మెడల మీద కూడా పడ్డాయి. ధూళి కప్పేసి ముఖాలన్నీ ఒకే రంగులో ఉన్నా, నాకు గుర్తులు చూడాల్సిన అవసరమే రాలేదు.

వీళ్లలో సగం మందిని నేను ఎప్పుడూ ఎదురుగా తలెత్తి చూడలేదు, అయినా అందరూ తెలుసు. ఎడమ భుజం కిందికి జారినవాడు తవుడమ్మగారి పెనిమిటి, ఆయన చొక్కా అటువైపే ముందు పీలికవుతుంది. చంకల్లో ఉప్పు పూసేవాడు పంతులుగారి తమ్ముడు. జేబు ఉండే చోట గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డది కరణంగారి రెండోవాడు, ఆ జేబు మూల ఎప్పుడూ మాసి ఉంటుంది, ఏముందో అందులో. వరసలో ఉన్న ప్రతివాణ్ణీ వాళ్ల మాసిన బట్టలను బట్టి ఠక్కున పోల్చుకున్నాను. నాకు నా మీద గొప్ప నమ్మకం కలిగింది. ఊరందరినీ పోల్చినదాన్ని, కట్టుకున్నవాణ్ణి పోల్చలేనా అనుకున్నాను.

తవుడమ్మగారి పెనిమిటి మగ్గం ఆపకుండానే వేళ్లతో అడుగుతాడు, ఇంటిదగ్గర అంతా కులాసాయేనా అని. కులాసాయేనని నేనూ వేళ్లతోనే చెబుతాను. తన పీట మీద ఎవరైనా కూర్చుంటున్నారా అని అడుగుతాడు. ఖాళీగా లేదని చెబుతాను. అతను సంతోషించి మగ్గం వైపు తిరుగుతాడు.

వెనక గదికి తలుపు లేదు, గోనె పరదా వేలాడుతోంది. లోపల మహా అయితే ఇద్దరు ముగ్గురు ఉంటారని వచ్చాను. పరదా తీస్తాను. నలభై మంది ఉన్నారు.

తప్పు చూశానేమోనని మళ్లీ లెక్కపెడతాను. నలభై మందే. ఆరు రోజుల ఏకబిగి డ్యూటీలో వాళ్ల ముఖాలు అరిగిపోయాయి. కళ్లున్నచోట రెండు చిన్న లొత్తలు, నోరున్నచోట ఒక సన్నని గీత. రేవులో ఏళ్ల తరబడి వాడిన బండ నడుం అలాగే అరుగుతుంది. మెడలు మాత్రం శుభ్రంగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి.

చేతులు చూస్తాను. వేళ్ల సందులు సోడాకు చీలి ఉన్నాయి. పిక్కలు చూస్తాను. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి నిలబడి తెల్లబారి ఉన్నాయి. నలభై మందికీ కుడి భుజం ఎడమ భుజం కంటే లావు. వీళ్లందరూ చాకళ్లు. నలభై ఊళ్ల నదులూ కాలువలూ మిల్లులో చేరాక, నలభై ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. నలభై మంది ఆడవాళ్లు గింజ చేతిలో పట్టుకుని, నేనన్న మాటే అని, నవ్వుతూ సాగనంపారు. నేనొక్కదాన్నే బుద్ధితక్కువదాన్ని అనుకున్నాను ఇంతసేపూ.

"మావా," అని పిలుస్తాను.

నలభై తలలూ నా వైపు తిరుగుతాయి.

తెలివి తెచ్చుకుని, ఆయనకొక్కడికే తెలిసిన మాట ఏదైనా చెప్పాలనుకుంటాను. మా పెళ్లినాడు ఆయన కట్టుకున్న జరీ అంచు పంచె సొంతం కాదు. ఉతకడానికి వచ్చిన కరణంగారి పంచె. మర్నాడు పొద్దున్నే ఉతికి ఇచ్చేశాం. ఆ మాట ఈ లోకంలో మా ఇద్దరికే తెలుసు.

"మన పెళ్లికి కట్టుకున్న పంచె నీది కాదు. గుర్తుందా?"

నలభై మందీ తలూపుతారు. కొందరు సిగ్గుతో, కొందరు గర్వంతో. నిజమే మరి. ఏ ఊళ్లో అయినా చాకలి పెళ్లికొడుకు తన సొంత పంచె కట్టుకున్నాడా?

పద్దెనిమిదేళ్లు. ఊళ్లో ప్రతి మగవాడి చెమటా నాకు తెలుసు. వాళ్ల తిండి, వాళ్ల జబ్బులు, వాళ్లు ఎవరింటి వెనక తిరిగి వచ్చారో కూడా ఆ మరకలు చూసి చెప్పగలను. నా మనిషి చొక్కాను ఒక్కసారైనా వెలుగులోకి ఎత్తి చూడలేదు. ఆయన చెమట ఎక్కడ పడుతుందో నాకు తెలియదు. ఏ మోచెయ్యి ముందు చిరుగుతుందో తెలియదు. నాకు సిగ్గుతో ఏడుపు వస్తుంది, ఆపుకోకుండా ఏడుస్తాను.

ఏడుస్తూనే ఒకడి దగ్గరకు వెళ్తాను. అబద్ధం ఎందుకు, ఎవడో ఒకణ్ణి తీసుకుపోదామనే వెళ్తాను. వచ్చినవాడు కూర్చుంటాడు, లేచి వెళ్తాడు, నాకేం లోటు. సూదితో గింజ పొడుస్తాను. అతను తల వంచి మెడ చూపిస్తాడు. వెనక్కి తిరిగి చూస్తే తక్కిన ముప్పై తొమ్మిది మందీ తలలు వంచి మెడలు చూపిస్తూ నిలబడి ఉన్నారు. ఇంటికి వెళ్లాలని అందరికీ ఉంది. నా చేతిలో గింజ ఒకటే. ఇక ఎవరి మెడ మీదా నేను వేయలేను.

పరదా సందులోంచి జోగారావుగారి కుడిచెయ్యి రెండు వైపు వాలుతూ ఉండడం కనిపిస్తుంది. ఇక నాకు తెలిసిన పనే నేను చేస్తాను. ఆ గోనె పరదాను లాగి నేల మీద పరుస్తాను. మొదటివాడి భుజాలు పట్టుకుని వంచుతాను. ఆరు రోజుల డ్యూటీలో పలచబడిపోయిన మనిషి, గంజి లేని గుడ్డలా లొంగుతాడు. ఒకడి మీద ఒకణ్ణి పెడతాను. నలభయ్యోవాడు తన వంతు వచ్చేదాకా ఓపికగా నిలబడి, పైన తనే పడుకుంటాడు. నాలుగు మూలలూ చేర్చి ముడివేసి, ముడి మీద గింజతో ఒక్క చుక్క పెడతాను. మా ఇంటికి ఏనాడూ గుర్తు లేదు కాబట్టి చుక్కే చాలనిపిస్తుంది.

మూట నెత్తికెత్తుకుంటాను. తడి దుప్పటి బరువు కూడా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

టైమాఫీసు దగ్గర జోగారావుగారి ఎడమచెయ్యి దాదాపు నిట్టనిలువుగా ఉంది. ఏం పట్టుకెళ్తున్నావని అడుగుతారు. మూట అంటాను. గుర్తుందా అంటారు. ముడి మీద చుక్క చూపిస్తాను.

"ఎన్ని?"

"మూట ఒకటే బాబూ. గుర్తు ఒకటే."

ఆయన కాసేపు ఆలోచిస్తారు. నియమం తప్పలేదు. రాసుకుందామంటే చేతులు ఖాళీ లేవు. తలూపి, నేను గేటు దాటాక, ఎడమచేతిని పూర్తిగా పైకెత్తుతారు. కూత కూస్తుంది. ఈ వారానికి యంత్రాల పుస్తకంలో కొత్త పేర్లు ఉండవు.

గేటు బయట ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ముప్పై తొమ్మిది మంది. ఒక్కరినీ ఎరగను, అయినా మూటలు మోసి పలచబడిన వాళ్ల నడినెత్తి జుట్టు చూస్తే ఎవరో తెలుస్తుంది. ఒక్కొక్కరి గుప్పిట్లో ఒక్కొక్క నల్లజీడి గింజ.

"అందరూ ఇందల్నే ఉన్నారు," అంటాను.

ఎవరూ ఎలాగని అడగరు. కొందరు వచ్చి మూటకు చెయ్యి ఆనిస్తారు. ఒకామె ముక్కు పెట్టి వాసన చూస్తుంది. అందరం రేవుకు నడుస్తాం. చొక్కాలు మమ్మల్ని దాటుకుని ఊళ్లోకి వెళ్తాయి.

నది డ్యూటీ దిగి ఇసుక మీద పడుకుని ఉంది. అరగంట ఉంటుంది. మూట దించి ముడి విప్పుతాను. అందరం గుండ్రంగా నిలబడి, ఎవరి మనిషిని వాళ్లు లేవదీసుకుందామని వంగుతాం.

నలభై మంది లేరు. ఒకటే గుడ్డ ఉంది.

పొడుగాటి గోనెరంగు గుడ్డ, మనిషి తోలంత మెత్తన. ఎక్కడా కుట్టు లేదు, అతుకు లేదు. లాగుతున్నకొద్దీ వస్తూనే ఉంది, రేవు ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుంది. దాని రెండు అంచుల పొడుగునా చేతులు ఉన్నాయి. అన్నీ బతికే ఉన్నాయి. ఎనభై చేతులు, వేళ్ల సందులు సోడాకు చీలినవి.

ఒకామె తనకు అందిన అంచు పట్టుకుని గట్టిగా లాగుతుంది. ఇంకొకామె తన వైపు లాగుతుంది. ఎవరి దగ్గరా కత్తెర లేదు. ఉన్నా ఎక్కడ కోయాలో ఎవరికి తెలుసు. పక్క ఊరామె ఎవరినీ ఉద్దేశించకుండా, మాపటికి అన్నం వండే వచ్చానని చెబుతుంది. ఆ మాటకు అందరం ఏడుస్తాం.

అప్పుడు చేతులు కదులుతాయి. గుడ్డ అంచుల మీంచి లేచి, దగ్గర్లో ఉన్న ఆడదాన్ని ఒడుపుగా పట్టుకుంటాయి. కొట్టవు, లాగవు. జుట్టు పక్కకు తప్పించి, రవిక మెడ తిప్పి, లోపలివైపు వేలితో తడిమి చూస్తాయి. ఎవరింటిదో తెలుసుకోవాలని వెతుకుతున్నాయి. మా నలభై మందిలో ఒక్కరికీ అక్కడ ఏమీ లేదు. నేను కూడా జుట్టు పైకెత్తి మెడ వంచుతాను. వేళ్లు ఒకసారి చూసి, నమ్మక, మళ్లీ చూస్తాయి.

గుర్తు దొరకని గుడ్డను ఏ చాకలీ పారేయడు. మడతపెట్టి పక్కన ఉంచుతాడు, అడగడానికి ఎవరైనా వస్తారేమోనని. చేతులు ఆ పనే మొదలుపెడతాయి. నా ఎదురుగా ఉన్న ఆమెను కుడిభుజం పట్టి లోపలికి మడుస్తాయి, తరువాత ఎడమ భుజం. అవతలామెనూ అంతే. ఎవరైనా కుడివైపు నుంచే మొదలుపెడతారు.

నన్ను పట్టుకున్న చేతులు ఎడమ భుజం ముందు తీసుకుంటాయి.

అసిరయ్య చిన్నప్పుడు తండ్రికి ఎదురుగా కూర్చుని మడత నేర్చుకున్నాడు. అందుకని ఆయన పని అంతా తిరగేసి వస్తుంది. మా మడత ఎడమ నుంచి ఉంటుందని ఊళ్లో ఆడవాళ్లు పద్దెనిమిదేళ్లుగా నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నారు. ఎడమ భుజం, కుడి భుజం, మోకాళ్లు పైకి, అంచుకు అంచు. ఇవి ఆయన చేతులు. ఎంత నెమ్మదిగా, ఎంత జాగ్రత్తగా మడతపెడుతున్నాడో.

మడత చూడండి, ఎవరి మడత ఎవరిదో మీకు తెలుస్తుంది, అని తక్కిన ఆడవాళ్లకు అరిచి చెప్పాలనుకుంటాను. మావా, నేనే, అని ఆయనకు చెప్పాలనుకుంటాను. అప్పటికే నా ముఖం లోపలి మడతలోకి వెళ్లిపోయింది. ఆయన నన్ను అరచేత్తో ఒకసారి చదును చేసి, దొంతరలో పెట్టి, పక్కామె కోసం చెయ్యి చాపుతాడు.